నంబర్ సిరీస్, శ్రేఢులు ఎలా ప్రాక్టీస్ చేయాలి: తేడాల వరుస నుంచి మొదలుపెట్టండి

ఎంట్రన్స్ పరీక్షలకు చదివేవాళ్లలో చాలామంది నంబర్ సిరీస్‌ను ఒక పుస్తకంలో, శ్రేఢులను (ప్రతిసారీ ఒకే సంఖ్య కలుపుతూనో గుణిస్తూనో సాగేలాంటి వరుసలను) ఇంకో పుస్తకంలో చదువుతారు, రెండిటికీ సంబంధం లేదనుకుంటారు. సిరీస్ అంటే రీజనింగ్, బుర్రకు తడితే వస్తుంది, లేకపోతే రాదు. శ్రేఢులంటే మ్యాథ్స్, ఫార్ములాలు బట్టీ పట్టేస్తే చాలు. ఈ రెండు నమ్మకాలూ మార్కులు పోగొట్టేవే. రెండు చోట్లా చేయాల్సిన పని ఒకటే: పక్కపక్క పదాల మధ్య ఏం జరుగుతోందో కాగితం మీద రాసి చూడటం. ఈ అలవాటు పడితే సిరీస్‌లో తట్టడం కోసం ఎదురుచూడక్కర్లేదు, శ్రేఢుల్లో ఫార్ములాలు సగానికి సగం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ముందు కొన్ని సంఖ్యలను మొహం చూసి గుర్తుపట్టాలి

బట్టీ పట్టాల్సింది అసలు లేదని కాదు, ఉంది. 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, 2 ఘాతాలు 1024 దాకా, 3 ఘాతాలు 2187 దాకా, ఫ్యాక్టోరియల్స్ 5040 దాకా (1, 2, 6, 24, 120, 720, 5040), 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యలు. ప్రధాన సంఖ్యల్లో ఎక్కువమంది పొరపడేది 51, 57, 87, 91 దగ్గర. చూడటానికి ప్రధాన సంఖ్యల్లాగే ఉంటాయి గానీ 51 అంటే 3×17, 57 అంటే 3×19, 87 అంటే 3×29, 91 అంటే 7×13.

అయితే 7 ఘనం ఎంత అంటే 343 అని చెప్పగలగడం సిరీస్‌లో పెద్దగా పనికిరాదు, ఎందుకంటే పరీక్షలో ఎవరూ ఆ వైపు నుంచి అడగరు. 344 కనిపిస్తుంది, లేదా 342 కనిపిస్తుంది, అది 343 పక్కింటిదని మీకు వెంటనే వెలగాలి. అందుకని ప్రాక్టీస్ కూడా తిరగేసి చేయండి. ఏదో ఒక సంఖ్య తీసుకుని దాని పక్కన ఎవరున్నారో చెప్పుకోండి: 170 అంటే 169కి ఒకటి ఎక్కువ, 728 అంటే 729కి ఒకటి తక్కువ, 510 అంటే 512కి రెండు తక్కువ. 729 అయితే 27 వర్గం, 9 ఘనం, 3కి ఆరో ఘాతం, మూడూ అదే. అలాగే 64 కూడా 8 వర్గం, 4 ఘనం, 2కి ఆరో ఘాతం. ఇలాంటి సంఖ్య సిరీస్‌లో ఉంటే అది ఏ వేషంలో వచ్చిందో పక్క పదాలే చెప్పాలి. బస్సులోనో, క్యూలో నిలబడినప్పుడో చేసుకోదగ్గ పని ఇది, దీనికి టేబుల్ ముందు కూర్చుని టైమ్ పాడు చేసుకోకండి.

సిరీస్: చూస్తూ కూర్చోవద్దు, కింద ఇంకో వరుస రాయండి

సిరీస్ కనిపించగానే దాన్ని తదేకంగా చూస్తూ ఉండిపోవడం చాలామందికి అలవాటు. చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతుంది తప్ప జవాబు రాదు. పెన్ను కదపండి. పక్కపక్క సంఖ్యల తేడాలు కింద రాయండి, వాటిలో ఏమీ కనిపించకపోతే ఆ తేడాల తేడాలు ఇంకో వరుస రాయండి.

2, 6, 12, 20, 30, ?

తేడాలు 4, 6, 8, 10. తర్వాతది 12, జవాబు 42. ఇదే సిరీస్‌ను 1×2, 2×3, 3×4 అని కూడా చూడొచ్చు, అలా వెళ్లినా 6×7 దగ్గర 42 వస్తుంది. ఇది సులువైనది. కొంచెం బరువైనది చూద్దాం.

3, 10, 29, 66, 127, ?

తేడాలు 7, 19, 37, 61. వాటి తేడాలు 12, 18, 24. మూడో వరుస 6, 6. ఇక్కడ ఆగింది కాబట్టి కింది నుంచి పైకి ఎక్కడమే: 24కి 6 కలిపితే 30, 61కి 30 కలిపితే 91, 127కి 91 కలిపితే 218. ఘనాలు గుర్తున్నవాళ్లకు 127 అంటే 125కి 2 ఎక్కువ, 66 అంటే 64కి 2 ఎక్కువ అని ముందే తెలిసిపోయి ఉంటుంది, వాళ్లు 216కి 2 కలిపి 218 అనేస్తారు. తెలియనివాళ్లూ తేడాలతో అక్కడికే చేరారు, కాకపోతే ఇంకొన్ని సెకన్లు పట్టింది. ఇందులో గుర్తుంచుకోదగ్గ విషయం ఒకటుంది. తేడాలు మొదటి వరుసలోనే సమానమైతే అది అచ్చమైన అంకశ్రేఢి, రెండో వరుసలో సమానమైతే లోపల వర్గం దాగి ఉంది, మూడో వరుసలో సమానమైతే ఘనం. వర్గమైతే ఆ ఆగిన సంఖ్యను 2తో, ఘనమైతే 6తో భాగిస్తే వర్గానికో ఘనానికో ఉన్న గుణకం కూడా దొరుకుతుంది. పైదాంట్లో 6 దగ్గర ఆగింది, గుణకం 1, అంటే ఒట్టి ఘనం.

ఇంకో రకం చూడండి.

4, 9, 19, 39, 79, ?

తేడాలు 5, 10, 20, 40. ఇవి ఎన్ని వరుసలు రాసినా సమానం కావు, ఎందుకంటే రెట్టింపవుతున్నాయి. తేడాలు రెట్టింపవుతున్నాయంటే అసలు సిరీస్ కూడా 2తో గుణించి ఏదో ఒకటి కలిపే రకమే. 4ను 2తో గుణిస్తే 8, ఒకటి కలిపితే 9. జవాబు 159. తేడాలు మూడు రెట్లు అవుతుంటే 3తో గుణించే రకం, అంతే.

తేడాలు ప్రధాన సంఖ్యలు కావడం కూడా మామూలే. 10, 12, 15, 20, 27, 38 అని ఇస్తే తేడాలు 2, 3, 5, 7, 11. తర్వాత 13, జవాబు 51. 2, 3, 5, 7 దాకా చూసి తర్వాత 9 అనేసేవాళ్లకి ఇక్కడ 11 ఇచ్చి హెచ్చరించారు, పేపర్ రాసేవాళ్లు అన్నిసార్లూ ఇంత దయ చూపించరు.

సంఖ్యలు గబగబా పెరిగిపోతుంటే తేడాలతో పని జరగదు. 7, 8, 18, 57, 232 తీసుకోండి. తేడాలు 1, 10, 39, 175. ఏమీ చెప్పడం లేదు. ఇలాంటప్పుడు భాగించి చూడాలి, అదీ పెద్ద సంఖ్యల వైపు నుంచి. చాలామంది ఎడమ నుంచి మొదలుపెట్టి 7కీ 8కీ మధ్య నిష్పత్తి ఏమిటా అని తల పట్టుకుంటారు. కుడి చివర చూడండి: 232లో 57 నాలుగు సార్లు పోయి 4 మిగులుతుంది, 57లో 18 మూడు సార్లు పోయి 3 మిగులుతుంది. అయిపోయింది. 18 అంటే 8×2+2, 8 అంటే 7×1+1. తర్వాతది 232×5+5, అంటే 1165. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ, కలిపిన చిన్న ముక్క ప్రభావం తగ్గి గుణించిన సంఖ్య బయటపడుతుంది, అందుకే కుడి వైపు నుంచి వెళ్లమనేది.

ఒక్కోసారి సిరీస్ ముందు తగ్గి తర్వాత పెరుగుతుంది: 8, 4, 4, 6, 12, 30. ఇలా తగ్గి, ఆగి, పెరిగితే అర, ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర అని గుణిస్తున్నారేమో ముందు అదే అనుమానించండి. ఇక్కడ నిజంగా అంతే, తర్వాత 3తో గుణిస్తే 90.

ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతూ పదాలు మరీ ఎక్కువ ఇస్తే రెండు సిరీస్‌లు ఒకదానిలో ఒకటి అల్లి ఉంటాయి. 5, 24, 8, 20, 11, 16, 14, ? దీన్ని ఒకటి విడిచి ఒకటి చదివితే 5, 8, 11, 14 ఒకటి, 24, 20, 16 ఇంకొకటి, జవాబు 12. మామూలు సిరీస్‌కు ఐదారు పదాలు సరిపోతాయి, ఏడెనిమిది ఇచ్చారంటే ఊరికే ఇవ్వరు.

ఇక తేడాలు చిన్నవిగా ఉండి, ఏ వరుసా లేకుండా ఉంటే అంకెల మొత్తం కలుపుతున్నారేమో చూడండి. 14, 19, 29, 40, 44, 52 లో తేడాలు 5, 10, 11, 4, 8. దేనికీ పొందిక లేదు. కానీ 1+4 ఐదు, 1+9 పది, 2+9 పదకొండు. తర్వాత 52కి 7 కలిపి 59. ఇది అరుదు, కాబట్టి చివరికి వదిలేయండి. మొదటే ఇటు వెళితే అన్ని సిరీస్‌లలోనూ అంకెలు కూడుతూ కూర్చుంటారు.

తప్పు సంఖ్య కనుక్కోమంటే

5, 8, 13, 20, 29, 41, 53

తేడాలు 3, 5, 7, 9, 12, 12. వరుసగా రెండు తేడాలు చెడ్డాయి. బేసి సంఖ్యల ప్రకారం 11, 13 ఉండాల్సిన చోట 12, 12 వచ్చాయి, ఒకటి పెరిగింది, రెండోది అంతే తగ్గింది. మధ్యలో ఒక్క సంఖ్య తప్పైతే ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది, దానికి అటు ఇటు ఉన్న రెండు తేడాలూ చెడతాయి, రెండూ కలిపితే మాత్రం మొత్తం మారదు. కాబట్టి ఆ రెండు తేడాల మధ్య ఉన్న 41 దొంగ, 40 ఉండాలి. ఒక్క తేడా మాత్రమే చెడిందంటే తప్పు ఏదో ఒక చివర ఉంది, మొదటి పదమో ఆఖరి పదమో. ఈ సంగతి తెలియక మధ్యలో వెతికేవాళ్లు చాలామంది. గుణించే రకం సిరీస్‌లో మాత్రం ఒక్క సంఖ్య మార్చినా తేడాలన్నీ గందరగోళంగా కనిపిస్తాయి, అక్కడ నియమాన్ని రెండు చివరల నుంచీ నడిపించి చూడండి, ఏ సంఖ్య దగ్గర రెండు వైపులా తేడా కొడుతుందో అదే తప్పు.

ఒక జవాబే ఉంటుందా?

గణితం ప్రకారం ఉండదు. ఐదారు సంఖ్యలు ఇచ్చి తర్వాతది ఏదైనా సరే అనుకున్నా, దానికి సరిపోయే నియమం ఒకటి తయారుచేయొచ్చు. దీనికి సరదా ఉదాహరణ ఒకటుంది. వృత్తం మీద చుక్కలు పెట్టి ప్రతి రెండు చుక్కలనూ గీతతో కలిపితే వృత్తం ఎన్ని ముక్కలవుతుందో లెక్కపెట్టండి, మూడు గీతలు ఒకే బిందువులో కలవకుండా చూసుకోండి. ఒక చుక్కకి 1, రెండు చుక్కలకి 2, తర్వాత 4, 8, 16. అందరూ 32 అంటారు. ఆరు చుక్కలకి వచ్చేది 31. తేడాలు రాసి చూడండి, నాలుగో వరుస దాకా వెళితే గానీ ఆగదు.

పరీక్షకు దీనివల్ల పనికొచ్చే సంగతి ఏమిటంటే, వాళ్లు అడిగేది అన్ని పదాలకూ అతికే అతి సులువైన నియమం. మూడు పదాలకు అతికిందని ఊరుకోకండి. 1, 2, 4 తర్వాత 8 రావచ్చు, 7 రావచ్చు, రెండూ ఆప్షన్లలో ఉంటాయి కూడా. మీకు తట్టిన నియమం ఆఖరి పదం దాకా నడిస్తేనే గుర్తు పెట్టండి. ఒకటి సరిపోయి ఒకటి సరిపోని నియమానికి "బహుశా ఇక్కడ మారుతుందేమో" అని సాకులు వెతుకుతున్నారంటే మీ నియమం తప్పు.

శ్రేఢుల్లో మధ్య పదాన్ని పట్టుకోండి

అంకశ్రేఢి మొత్తానికి పుస్తకంలో ఉన్న ఫార్ములా మొదటి పదం, పదాంతరం (పక్కపక్క పదాల తేడా), పదాల సంఖ్య మూడింటితో నిండి ఉంటుంది. అది తప్పని కాదు, కానీ చాలా లెక్కలకు అంత అవసరం లేదు. మొత్తం అంటే సగటును పదాల సంఖ్యతో గుణించడం, అంకశ్రేఢిలో సగటు అంటే మధ్య పదం. లేదా మొదటి, చివరి పదాల సగటు, రెండూ ఒకటే. ఇది కొత్త కిటుకేమీ కాదు, ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయం గణితపాదంలో మొత్తానికి చెప్పిన పద్ధతి ఇదే: మధ్య విలువ కనుక్కుని పదాల సంఖ్యతో గుణించు, లేదా మొదటిదీ చివరిదీ కలిపి పదాల సంఖ్యలో సగంతో గుణించు.

దీన్ని వాడి చూడండి. అంకశ్రేఢిలో 5వ పదం 17, మొదటి 9 పదాల మొత్తం ఎంత? మొదటి పదం తెలీదు, పదాంతరం తెలీదు, అక్కర్లేదు కూడా. తొమ్మిదింటిలో మధ్యది ఐదోది. 17×9, అంటే 153. ఫార్ములాలో పడినవాళ్లు ఇదే లెక్కకు రెండు తెలియని రాశులు పెట్టుకుని, సమీకరణం ఒక్కటే ఉందేమిటని కంగారుపడతారు.

4వ పదం 19, 11వ పదం 54 అయితే 20వ పదం? ఏడు అడుగుల్లో 35 పెరిగింది, అడుగుకు 5. పదకొండు నుంచి ఇరవైకి తొమ్మిది అడుగులు, 54+45, అంటే 99. మొదటి పదం దాకా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావడం అనవసర ప్రయాణం.

అడుగులు లెక్కపెట్టడంలో ఒక గుంట ఉంది. 7, 11, 15 ఇలా 103 దాకా ఎన్ని పదాలు? 96 దూరం, 4 చొప్పున 24 అడుగులు, కానీ పదాలు 25. ఆ ఒకటి కలపడం మరిచిపోయినవాళ్ల కోసం 24 ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. 100కీ 500కీ మధ్య 7 గుణిజాల మొత్తం అడిగితే కూడా అంతే: మొదటిది 105, అంటే 7×15, చివరిది 497, అంటే 7×71, సంఖ్య 71−15+1, అంటే 57, సగటు 301, మొత్తం 17157. ఇవన్నీ 7 గుణిజాలు కాబట్టి మొత్తం కూడా 7తో భాగించబడాలి, ఆప్షన్లలో భాగించబడనివి ముందే కొట్టేయొచ్చు. ఒకట్ల స్థానం చూసినా సగం పని అయిపోతుంది.

మూడు సంఖ్యలు అంకశ్రేఢిలో ఉన్నాయి, మొత్తం 27, లబ్ధం 585 అంటే మధ్యది 9 అని వెంటనే తెలుస్తుంది. మిగతా రెంటి లబ్ధం 65, మొత్తం 18. 5, 13. నాలుగు సంఖ్యలైతే మధ్య పదం ఉండదు, అక్కడే తడబాటు. సగటుకు అటు ఇటు ఒక ముక్క, మూడు ముక్కల దూరంలో నాలుగు పదాలు పెట్టుకోండి. మొత్తం 40, వర్గాల మొత్తం 480 అనుకుందాం. సగటు 10. వర్గాలు కూడితే 400కి ముక్క వర్గానికి 20 రెట్లు కలుస్తుంది, ముక్క 2 వస్తుంది. సంఖ్యలు 4, 8, 12, 16. పదాంతరం ఎంత అని అడిగితే 2 కాదు, రెండు ముక్కలు కలిపి 4. ఇంత చక్కగా చేసి చివర్లో 2కి గుర్తు పెట్టి వస్తారు.

మొదటి ఎన్ పదాల మొత్తం 3ఎన్² + 5ఎన్ అని ఇచ్చి పదాంతరం అడగడం చాలా ప్రశ్నపత్రాల్లో కనిపిస్తుంది. ఎన్ వర్గం ముందున్న సంఖ్యకు రెట్టింపు, అంటే 6. సరిచూసుకోవాలంటే ఒకటి పెడితే 8, రెండు పెడితే 22, కాబట్టి పదాలు 8, 14. కానీ అదే 3ఎన్² + 5ఎన్ + 2 అని ఇస్తే? మొత్తాలు 10, 24, 44, పదాలు 10, 14, 20. మొదటి పదం లైన్లో లేదు, ఇది అంకశ్రేఢే కాదు. విడిగా ఒక స్థిరసంఖ్య తోక తగిలించారంటే అనుమానించండి.

గుణశ్రేఢి, దాని మెలికలు

గుణశ్రేఢిలో ప్రతి పదాన్నీ ఒకే సంఖ్యతో (అదే నిష్పత్తి) గుణిస్తే తర్వాతది వస్తుంది. ఇక్కడ మధ్య పదం లబ్ధంలో పనిచేస్తుంది. మూడు సంఖ్యలు గుణశ్రేఢిలో ఉండి లబ్ధం 216 అయితే మధ్యది 6. మొత్తం 26 అయితే మిగతా రెంటి మొత్తం 20, లబ్ధం 36, అవి 2, 18. పెద్ద సమీకరణం ఏదీ లేదు.

గుణశ్రేఢిలో మార్కులు పోయేది ఎక్కువగా గుర్తు దగ్గర. 3వ పదం 12, 5వ పదం 48 అంటే నిష్పత్తి వర్గం 4, నిష్పత్తి 2 కావచ్చు, −2 కావచ్చు. 4వ పదం 24 కావచ్చు, −24 కావచ్చు. ప్రశ్నలో "ధన సంఖ్యలు" అన్న మాట ఉందో లేదో చూడకుండా చదివేస్తే అక్కడే పోతుంది. మొదటి పదం మాత్రం రెండు సందర్భాల్లోనూ 3, అది అడిగితే భయం లేదు.

అనంత పదాల మొత్తం ఫార్ములా చిన్నది: మొదటి పదాన్ని, ఒకటిలోంచి నిష్పత్తి తీసేసిన దానితో భాగించడం. నిష్పత్తి −1కీ 1కీ మధ్య ఉంటేనే అది చెల్లుతుంది, దీన్ని మర్చిపోయి నిష్పత్తి 2 ఉన్నదానికి కూడా వేసేస్తే ధన సంఖ్యలన్నీ కూడగా రుణ సంఖ్య వస్తుంది, అప్పుడైనా అనుమానం రావాలి. దీని మీద బంతి లెక్క అందరికీ ఎదురవుతుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి ప్రతిసారీ పడిన ఎత్తులో ఐదింట మూడు వంతులు లేస్తే మొత్తం ఎంత దూరం తిరుగుతుంది? మొదటి 10 ఒక్కసారే, కిందికి మాత్రమే. తర్వాత 6, 3.6 ఇలా ప్రతిదీ పైకి ఒకసారి కిందికి ఒకసారి. 6ను 0.4తో భాగిస్తే 15, రెట్టింపు 30, మొత్తం 40 మీటర్లు. 25, 50 రెండూ ఆప్షన్లలో ఉంటాయి, ఒకటి అసలు రెట్టింపు చేయనివాళ్లకి, ఒకటి పదిని కూడా రెట్టింపు చేసినవాళ్లకి.

హరాత్మక శ్రేఢికి మొత్తం ఫార్ములా లేదు, వెతకకండి. ప్రతి పదంతో 1ని భాగించి తిరగేస్తే అంకశ్రేఢి, అంతే. 6, 4, 3 ని తిరగేస్తే పన్నెండింట 2, 3, 4 వంతులు, తర్వాతది 5 వంతులు, తిరగేస్తే 2.4. రెండు ధన సంఖ్యలకు అంకమధ్యమం (మామూలు సగటు), గుణమధ్యమం (లబ్ధానికి వర్గమూలం), హరమధ్యమం (తిరగేసిన వాటి సగటును మళ్లీ తిరగేసింది) ఆ క్రమంలోనే తగ్గుతూ వస్తాయి (సంఖ్యలు రెండూ సమానమైతే మూడూ ఒకటే), మధ్యదాని వర్గం అటు ఇటు వాటి లబ్ధానికి సమానం. 4, 16 తీసుకుంటే 10, 8, 6.4.

మొత్తాల లెక్కల్లో తేడాల ఆలోచన మళ్లీ వస్తుంది. 1/(1×2) + 1/(2×3) అంటూ 1/(99×100) దాకా కూడమంటే ప్రతి పదాన్నీ రెండు భిన్నాల తేడాగా రాయండి, మధ్యవన్నీ కొట్టుకుపోయి 1−1/100 మిగులుతుంది, 99/100. 1 + 2/2 + 3/4 + 4/8 ఇలా అనంతంగా సాగేదానికి మొత్తాన్ని సగం చేసి, ఒక స్థానం జరిపి, మొదటిదాంట్లోంచి తీసేయండి. మామూలు గుణశ్రేఢి మిగులుతుంది, దాని మొత్తం 2, కాబట్టి అసలుది 4. ఘనాల మొత్తం మాత్రం ఫార్ములాగానే గుర్తుంచుకోండి, అందంగా ఉంటుంది కాబట్టి కష్టం కాదు: 1 నుంచి 10 వరకు ఘనాల మొత్తం 55 వర్గం, 3025.

ప్రాక్టీస్ ఎలా సాగాలి

మొదటి వారమో రెండు వారాలో టైమర్ పెట్టకండి. ఒక్కో రకం పట్టుకుని, తేడాల వరుస పూర్తిగా రాస్తూ, నియమాన్ని మాటల్లో పక్కన రాస్తూ చేయండి. "2తో గుణించి 1 కలపాలి" అని రాసి ఉండాలి, ఒట్టి 159 అని కాదు. చేయి అలవాటు పడ్డాక రకాలన్నీ కలిపేయండి. ఇది చాలామంది చేయని పని. పుస్తకంలో ఒక అధ్యాయంలో ముప్పై లెక్కలూ ఒకే రకం ఉంటాయి, మూడోదాని నుంచి మీరు ఆలోచించడం మానేసి అదే పద్ధతి వేస్తూ పోతారు, అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షలో మాత్రం ఇది ఏ రకమో ఎవరూ పైన రాసివ్వరు, రకం గుర్తుపట్టడమే అసలు లెక్క. పాత ప్రశ్నపత్రాలు బాగా పనికొచ్చేది అందుకే.

సొల్యూషన్ చూసి "ఓహో, ఇంతేనా" అనుకున్న లెక్క మీకు వచ్చినట్టు కాదు. దాన్ని పక్కన రాసి పెట్టుకుని, మూడు నాలుగు రోజులాగి ఖాళీ కాగితం మీద మళ్లీ చేయండి. తప్పుల నోట్‌బుక్ పెట్టుకునేవాళ్లు చాలామంది అందులో లెక్క మొత్తం అందంగా ఎత్తి రాస్తారు, రంగు పెన్నులు కూడా వాడతారు, మళ్లీ తెరవరు. ఒక్క లైను చాలు: ఎందుకు తప్పింది. "పదాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి కలపలేదు." "నిష్పత్తి రుణమూ కావచ్చని చూడలేదు." "మూడు పదాలకే సరిపెట్టుకున్నాను." పదిహేను రోజులకు చూస్తే అవే రెండు మూడు లైన్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, అవి మీవి, వాటి మీద పని చేయండి.

నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న పద్ధతి సిరీస్‌లు సొంతంగా తయారుచేయడం. ఒక నియమం అనుకుని ఆరు పదాలు రాయండి, ఒకటి తప్పుగా మార్చండి, స్నేహితుడికి ఇవ్వండి, అతను మీకు ఇస్తాడు. పేపర్ రాసేవాళ్లు ఎలా ఆలోచిస్తారో, తప్పుడు ఆప్షన్లు ఎక్కడి నుంచి వస్తాయో అప్పుడు తెలుస్తుంది. అతను మీరు అనుకోని ఇంకో సరైన నియమం పట్టుకుంటే మీ సిరీస్ బాగోలేదని అర్థం, దాన్ని సరిచేయడంలో కూడా నేర్చుకుంటారు.

టైమర్ పెట్టాక, సిరీస్‌కు ఒక హద్దు వేసుకోండి. రెండు వరుసల తేడాలు, పెద్ద వైపు నుంచి నిష్పత్తి, పక్కింటి వర్గాలు, ఘనాలు, ఒకటి విడిచి ఒకటి: ఇవన్నీ చూడటానికి అలవాటైనవాళ్లకు నిమిషం పడుతుంది. అప్పటికీ రాలేదంటే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లండి. సిరీస్ మనిషిని పట్టి కూర్చోబెడుతుంది, ఇంకొక్క పది సెకన్లు అనిపిస్తూనే ఉంటుంది, ఆ లోపల చేయగలిగిన రెండు లెక్కలు పోతాయి. నెగటివ్ మార్కులుంటే ఊరికే గుడ్డిగా పెట్టకండి, కనీసం రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే అప్పుడు ఆలోచించండి. శ్రేఢుల్లో వదిలేయడం ఇంత తొందరగా వద్దు, అక్కడ ఎన్ స్థానంలో 1, 2 పెట్టి చూసినా ఆప్షన్లు సగం రాలిపోతాయి. ఒక్క 1తో మాత్రం సరిపెట్టకండి, ఒకటికి రెండు మూడు ఆప్షన్లు ఒకే విలువ ఇచ్చేలా చూసి మరీ పెడతారు. 2తో, అవసరమైతే 3తో కూడా చూడండి.

మాక్ టెస్ట్ అయ్యాక మార్కుల కంటే ముందు వదిలేసిన సిరీస్‌లు తీసి, టైమ్ లేకుండా మళ్లీ కూర్చోండి. తీరిగ్గా వచ్చినవి వేగం సమస్య, వాటికి టైమర్‌తో ఇంకా చేయాలి. తీరిగ్గా కూడా రానివి ఏ రకమో చూసి, ఆ రకం మీద మళ్లీ మొదటి వారంలోలా, టైమర్ తీసేసి, తేడాల వరుస రాస్తూ చేయండి.